ఇంట్లో నెట్ తెగిపోతుంటే, కంప్యూటర్ ఆగిపోతుంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్నలు జనం అడిగే మాటల్లోనే ఉంచాం. జవాబులు విండోస్ 10, విండోస్ 11 కంప్యూటర్లకూ, ఫైబర్ కనెక్షన్లకూ వర్తిస్తాయి. కమాండ్లను చదివే తీరులో రాశాం, కీబోర్డు మీద ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.

నెట్ రావడంలా. ముందు ఏం చూడాల?

ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైకి కలిపి చూడండి. ఫోన్‌లో వస్తూ కంప్యూటర్‌లో రాకపోతే లోపం కంప్యూటర్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది, లైన్ అబ్బాయిని పిలిచినా లాభం లేదు. రెండింట్లోనూ రాకపోతే గోడకున్న ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ తీగ వచ్చి కలిసేది) లైట్లు చూడాలి. నెట్ మన దాకా రావడానికి నాలుగు మజిలీలున్నాయి: కరెంటు, తీగ, అడ్రసు, పేరు. పెట్టెకు కరెంటు అందాలి, తీగలో సిగ్నల్ ఉండాలి, కంప్యూటర్‌కు ఐపీ అడ్రసు (నెట్‌లో దాన్ని గుర్తించే అంకెలు) దొరకాలి, సైటు పేరును అంకెల్లోకి మార్చే డీఎన్ఎస్ పలకాలి. ఎక్కడ తెగిందో తెలియకుండా అన్నీ ఒకేసారి మారిస్తే, బాగయినా ఎందుకు బాగయిందో తెలియదు. అదే లోపం మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదటికే వస్తారు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక చూడండి.

పెట్టెలో ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటా ఉంది. అదేంది?

దాని పక్కన ఎల్ఓఎస్ అని ఉంటే ఫైబర్‌లో వెలుతురు మీ ఇంటికి అందడం లేదని అర్థం. వైఫై పాస్‌వర్డు మార్చినా, కంప్యూటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా ఇది పోదు.

మన వైపు ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. చెట్టు కొమ్మ పడ్డా, ఎత్తుగా గడ్డి వేసుకున్న ట్రాక్టరు కింది నుంచి పోయినా, కోతులు ఊగినా తెగుతుంది. ఇంట్లోకి వచ్చే నల్లటి తీగ కొసను ఒకసారి దగ్గరగా చూడండి. చదునుగా ఉంటుంది, అంచుల్లో రెండు గట్టి పోగులు, వాటి మధ్య వెంట్రుకంత గాజు పోగు. బరువు మోసేవి ఆ అంచు పోగులు, కబురు మోసేది మధ్యలో గాజు. తలుపు సందులో నలిగినా, మేకు చుట్టూ బిగించి తిప్పినా పైన తీగ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, లోపల గాజు మాత్రం విరిగిపోయి ఉంటుంది. మలుపు ఎక్కడైనా గాజు గ్లాసు చుట్టుకొలత కన్నా బిగువుగా ఉండకూడదు.

మీరు చేయగలిగింది కొంత ఉంది. పెట్టె ఆపి, ఆకుపచ్చ కనెక్టర్‌ను మెల్లగా లాగి, మళ్లీ టక్‌మని శబ్దం వచ్చేదాకా గుచ్చండి. కొసను వేలితో తాకొద్దు, చొక్కాతో తుడవొద్దు, కంటి ముందు పెట్టుకుని లోపలికి అసలే చూడొద్దు. అందులో వచ్చేది కంటికి కనబడని లేజర్ కాంతి. ఆకుపచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, నీలం రంగుదానికి ఆ వాలు ఉండదు. కాబట్టి దొరికింది కదా అని నీలం రంగు ప్యాచ్ తీగను ఆకుపచ్చ రంధ్రంలో పెడితే సిగ్నల్ పడిపోతుంది.

లైటు పచ్చగానే ఉంది గానీ నెట్ వస్తా పోతా ఉంది. సిగ్నల్ ఎంతుందో చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే పెట్టె పేజీ వస్తుంది. కొన్నింటికి 192.168.0.1 లేదా 192.168.100.1 ఉంటుంది. లాగిన్ వివరాలు పెట్టె వెనక స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల పాన్ లేదా ఆప్టికల్ అనే చోట ఆర్ఎక్స్ పవర్, అంటే అందుతున్న వెలుతురు బలం, డీబీఎం అనే కొలతలో చూపుతుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 27 దగ్గరికి చేరితే తెగడం మొదలవుతుంది. మైనస్ 8 కన్నా బలంగా ఉన్నా కష్టమే. ఇది మూడు కిందికి దిగితే, అంటే మైనస్ 21 కాస్తా మైనస్ 24 అయితే, వెలుతురు సగమైనట్టు. ఎండాకాలంలో మైనస్ 21 ఉన్నది వానలకు మైనస్ 27 అయిందంటే నాలుగో వంతే అందుతోంది. స్తంభం మీది జాయింటు పెట్టెలోకి నీళ్లు దిగాయేమో చూడమని గట్టిగా అడగండి. బాగున్న రోజే ఈ అంకె చూసి, పెట్టె మీద పెన్నుతో తేదీ వేసి రాసుకోండి. తర్వాత పోల్చి చూడటానికి అదే ఆధారం.

లైట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, కంప్యూటర్‌లో మాత్రం నెట్ లేదంటది.

కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు కొట్టే తెర) తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. ఐపీవీ4 అడ్రసు 192.168తో మొదలైతే రౌటర్ (ఇంట్లో నెట్‌ను, వైఫైని పంచే పెట్టె) అడ్రసు ఇచ్చింది. 169.254తో మొదలైతే ఎవరూ ఇవ్వక కంప్యూటర్ తనకు తానే పెట్టుకుంది. అప్పుడు అదే కమాండ్ తర్వాత ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి రిలీజ్ అని, అది అయ్యాక మళ్లీ అదే కమాండ్ తర్వాత ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి రెన్యూ అని కొట్టండి. అప్పటికీ 169.254 వస్తే కేబుల్ మార్చి చూడాలి, లేదా రౌటర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆగిపోయి ఉందేమో చూడాలి.

అడ్రసు సరిగ్గా ఉంటే పింగ్ కొట్టండి, అవతలిది పలుకుతోందో లేదో చెప్పే కమాండ్ అది. మొదట రౌటర్‌కు, అంటే పింగ్ 192.168.1.1. తర్వాత బయటికి, పింగ్ 8.8.8.8. ఆ తర్వాత ఏదైనా సైటు పేరుకు. మొదటిదే పలకకపోతే లోపం ఇంట్లోనే. మొదటిది పలికి రెండోది పలకకపోతే లోపం రౌటర్ నుంచి బయటికి. రీఛార్జి గడువు ముగిసినా ఇలాగే ఉంటుంది, పైకి లైట్లన్నీ బాగానే కనిపిస్తాయి. అంకెలకు పలికి పేరుకు పలకకపోతే డీఎన్ఎస్.

వాట్సాప్ మెసేజీలు పోతాయి, సైట్లు మాత్రం తెరుచుకోవు.

ఇది చాలాసార్లు డీఎన్ఎస్ లోపమే. ముందే కలిసి ఉన్న యాప్‌లు నడుస్తుంటాయి, కొత్తగా పేరు వెతకాల్సినవి ఆగిపోతాయి. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మీ కనెక్షన్ వివరాల్లో డీఎన్ఎస్‌ను మాన్యువల్ చేసి 8.8.8.8, రెండోదిగా 1.1.1.1 పెట్టండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ తర్వాత స్లాష్ పెట్టి ఫ్లష్‌డీఎన్ఎస్ కొడితే పాత జ్ఞాపకం చెరిగిపోతుంది. ఇంట్లో అందరికీ ఇదే ఇబ్బంది ఉంటే రౌటర్‌లోనే మార్చండి.

‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని ప్రతి సైటుకీ వస్తా ఉంది. వైరస్సా?

గడియారం చూడండి. తేదీ ఏ 2015లోనో ఉంటే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. ప్లగ్ పీకి, పాత సెల్ ఊడదీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. తేదీ సరిగ్గా ఉండి ఒక్క బ్యాంకు సైటుకే ఈ హెచ్చరిక వస్తే మాత్రం ముందుకు పోవద్దు, ఆ పేజీ మూసేయండి.

వెనక చిన్న బెజ్జంలో రీసెట్ ఉంది కదా, నొక్కితే పోలా?

నొక్కొద్దు. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు. పిన్నుతో పది సెకన్లు నొక్కితే ఆపరేటర్ పెట్టిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డు, వీలాన్ నంబరు అన్నీ చెరిగిపోతాయి. పెట్టె కొత్తదానిలా మారిపోతుంది, నెట్ మాత్రం రాదు. శనివారం సాయంత్రం నొక్కితే సోమవారం దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. ఆపరేటర్ కనెక్షన్ ఇచ్చిన రోజే ఆ మూడింటినీ అడిగి కాగితం మీద రాసి దాచుకోండి. ఆ కాగితం చేతిలో ఉన్నప్పుడే రీసెట్ గురించి ఆలోచించాలి.

స్విచ్ ఆపి వేయడమైతే నిరభ్యంతరంగా చేయొచ్చు. ఆపాక ముప్పై సెకన్లు ఆగండి, వేశాక మూడు నిమిషాలు ఓపిక పట్టండి. నడుమ మళ్లీ ఆపితే పని మొదటికొస్తుంది.

ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోంగానే కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలవతా ఉంది. ఎందుకని?

ఇన్వర్టర్ వెనకనో ముందరో చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు యూపీఎస్ మోడ్, మరోవైపు నార్మల్ లేదా ఎకో మోడ్. నార్మల్‌లో ఉంటే మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఎక్కువ. ఫ్యానుకూ లైటుకూ ఆ తేడా తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. యూపీఎస్ మోడ్‌లో ఆ సమయం సుమారు 10 మిల్లీసెకన్లు, మంచి ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు అందించే పెట్టె) దాన్ని తట్టుకుంటుంది. స్విచ్ మార్చాక కూడా ఆగిపోతుంటే ఎస్ఎంపీఎస్ ముసలిదైంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ ఓల్టేజీ తేడాలను తక్కువగా భరిస్తుంది. పల్లెల్లో ఓల్టేజీ బాగా దిగే వేళల్లో మెయిన్స్ ఉన్నా బ్యాటరీ మీదికి మారుతుందని గుర్తుంచుకోండి.

ఇన్వర్టర్ లేనివాళ్లకు డెస్క్‌టాప్‌కు 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. అది ఫైలు దాచుకుని పద్ధతిగా ఆపడానికి ఇచ్చే పది నిమిషాలు, సినిమా చూడటానికి కాదు. అందులోని 12 ఓల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది.

ఓఎన్‌టీకి, రౌటర్‌కు మినీ యూపీఎస్ అని విడిగా దొరుకుతుంది. కొనేముందు పాత అడాప్టర్ మీద చదవండి: 12 ఓల్టులా, 9 ఓల్టులా? 1 ఆంపియరా, 2 ఆంపియర్లా? ఓల్టులు అచ్చంగా కలవాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పర్లేదు, తక్కువుండకూడదు.

బోరు మోటారు వేసినప్పుడల్లా నెట్ తెగుతుంది.

మోటారు లేచే క్షణంలో ఓల్టేజీ కిందికి జారుతుంది. మంచి అడాప్టర్ 100 నుంచి 240 ఓల్టుల దాకా పనిచేస్తుంది కాబట్టి దానికి అది లెక్కే కాదు. తెగుతోందంటే అడాప్టర్ లోపలి కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే ఊరికే ఉన్నప్పుడు 12 ఓల్టులు చూపి, పెట్టెకు తగిలించాక 10కి పడిపోవచ్చు. మోటారు వేయకపోయినా రాత్రిళ్లు పెట్టె తనంతట తాను తిరిగి మొదలవుతుంటే అనుమానం మళ్లీ అడాప్టర్ మీదే పెట్టుకోవాలి. పెట్టె మార్చే ముందు అడాప్టర్ మార్చి చూడండి, దాని ఖర్చు చాలా తక్కువ.

ఊరంతా ఓల్టేజీ తక్కువగా ఉంటే, లైట్లు ఒకసారి దేదీప్యమానంగా వెలిగి ఒకసారి మసకబారుతుంటే అది న్యూట్రల్ లోపం కావచ్చు. వెంటనే కంప్యూటర్ ప్లగ్ పీకేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

కింద వైఫై బాగుంది, మిద్దె మీది గదికి రాదు.

స్లాబులోని ఇనుప కడ్డీల వల ఆ సిగ్నల్‌ను మింగేస్తుంది. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండు వేగంగా ఉన్నా గోడలు దాటడంలో బలహీనం, 2.4 గిగాహెర్ట్జ్ దాటుతుంది గానీ పక్కింటివాళ్లవన్నీ అందులోనే ఉంటాయి. 2.4లో ఛానెల్ ఆటోలో కాకుండా 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి పెట్టండి, మిగతావి పక్కవాటి మీద పడతాయి. పెట్టెను ఫ్రిజ్ మీద, ఇనప బీరువా వెనక, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన పెట్టొద్దు. మెట్ల గది పక్కన, మనిషెత్తున పెడితే సిగ్నల్ మెట్ల ఖాళీలోంచి పైకెక్కుతుంది. రిపీటర్లకు (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టెలకు) డబ్బు పోయడం మాకు ఇష్టం లేదు. అదే రేడియోతో విని అదే రేడియోతో పలికే రకమైతే వేగం సగానికి పడిపోతుంది. పైకి ఒక క్యాట్6 కేబుల్ లాగి, దాని కొసన రెండో రౌటర్ పెట్టడమే పదేళ్లు నిలిచే పద్ధతి.

రెండో రౌటర్ పెట్టినాక ఇల్లంతా నెట్ ఆగిపోయింది.

రెండు రౌటర్లూ అడ్రసులు పంచుతున్నాయి, పైగా రెండూ తమను 192.168.1.1 అనే చెప్పుకుంటున్నాయి. రెండోదాన్ని ఇంకా దేనికీ తగిలించకుండా కంప్యూటర్‌కు కలిపి, దాని లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రసు 192.168.1.2 చేయండి. డీహెచ్‌సీపీ ఆపేయండి. వైఫై పేరు, పాస్‌వర్డు మొదటిదానివే పెట్టండి, ఛానెల్ మాత్రం వేరు. తర్వాత కింది నుంచి వచ్చే కేబుల్‌ను దాని వాన్ (బయటి లైన్) రంధ్రంలో కాకుండా లాన్ రంధ్రంలో పెట్టండి.

అన్ని లైట్లూ ఒకేసారి పిచ్చెక్కినట్టు కొట్టుకుంటుంటే ఒక కేబుల్ రెండు కొసలూ ఒకే రౌటర్‌లోనో నెట్‌వర్క్ స్విచ్‌లోనో ఉన్నాయేమో వెతకండి. ఊడ్చేటప్పుడు ఊడిపోయిన కొసను ఎవరో మంచి మనసుతో ఖాళీ రంధ్రంలో పెట్టేస్తారు. పంపిన సందేశం బయటికి పోలేక అందులోనే గిరగిరా తిరిగి లైన్ నింపేస్తుంది. పీకేస్తే క్షణంలో సర్దుకుంటుంది.

300 ఎంబీపీఎస్ ప్లాన్, కేబుల్ మీద 95 దాటదు.

గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నడవాలంటే నాలుగు జతల తీగలూ బాగుండాలి. నీలం, గోధుమ జతల్లో ఒక్కటి తెగినా లింకు 100కు పడిపోతుంది, ఎందుకంటే దానికి 1, 2, 3, 6 పిన్నులు చాలు. కొసలు కత్తిరించి కొత్త కనెక్టర్లు బిగించండి. వరస ఇది: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. రెండు కొసల్లోనూ ఇదే వరస. పై తొడుగు కనెక్టర్ లోపలికి దూరి, క్రింపర్ పన్ను దాని మీద పట్టుకోవాలి, లేకుంటే బరువంతా సన్నతీగల మీద పడుతుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఇంకో బాధ ఉంది. పాత కనెక్టర్‌ను టార్చి వెలుగులో చూడండి. ఎనిమిది బంగారు రంగు రేకుల్లో ఒకటో రెండో పాచిపట్టినట్టు పచ్చబడి ఉంటాయి. అది ఉప్పుగాలికి పట్టిన చిలుము. గీకితే బంగారు పూత పోయి నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది, మార్చేయడమే మేలు. కేబుల్ కొనేటప్పుడు సీసీఏ అని రాసి ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, రెండు మూడుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. స్వచ్ఛమైన రాగిదే కొనండి. ఒక్కో కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు.

మా ఇంటి నుంచి పక్క వీధిలో అన్నవాళ్లింటికి లాన్ కేబుల్ లాగొచ్చా?

రాగి కేబుల్ వద్దు. రెండిళ్ల ఎర్తింగు వేరు, వాటి మధ్య ఓల్టేజీ తేడా ఆ కేబుల్ మీద పడుతుంది. పిడుగు దగ్గరలో పడితే రెండు చోట్లా పోర్టులు మాడిపోతాయి. రెండు మీడియా కన్వర్టర్లు (రాగి కేబుల్‌ను ఫైబర్‌కు కలిపే పెట్టెలు), నడుమ ఫైబర్ వేస్తే గాజులో కరెంటు పారదు కాబట్టి ఆ భయం ఉండదు. రొయ్యల గుంటల దగ్గర కెమెరాలకూ ఇదే చెబుతాం. కనెక్షన్ పంచుకోవడానికి మీ ప్లాన్ ఒప్పుకుంటుందో లేదో ఆపరేటర్‌ను ముందే అడగండి.

కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్తింగు సరిగ్గా లేదు. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోతుంది, నాలుగు బిందెల నీళ్లు పోసి చూడండి. తగ్గకపోతే ఎలక్ట్రీషియన్ రావాల్సిందే.

నీలం తెర వచ్చి ఆగిపోతుంది. నెట్‌కూ దానికీ సంబంధం ఉందా?

ఒక్కోసారి ఉంది. తెర కింద రాసి ఉండే పేరును ఫోన్‌తో ఫొటో తీయండి. డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ అని, పక్కన ఎన్‌డీఐఎస్ లేదా ఆర్‌టీడబ్ల్యూ, నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూ అని మొదలయ్యే ఫైలు పేరు ఉంటే వైఫై డ్రైవర్ (వైఫైని నడిపే ప్రోగ్రాము) మీదే అనుమానం. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద దాన్ని పట్టుకుని రోల్ బ్యాక్ చేయండి, అంటే పాతదానికి మార్చండి. లేకుంటే ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవరే వేయండి. డ్రైవర్లు వెతికి పెడతామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోవద్దు, అవి తెచ్చే తంటా ఎక్కువ.

ప్రతిసారీ వేరే పేరు వస్తుంటే ర్యామ్ చూడాలి. ప్లగ్ పీకి, స్టిక్కు తీసి, బంగారు అంచును రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ రెండు వైపులా క్లిప్పు పడేదాకా నొక్కండి. తర్వాత స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి.

నీలం తెర ఏదీ లేకుండా దభీమని ఆగిపోతే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (జరిగినవి నమోదయ్యే చోట) కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తుంది. దానర్థం పద్ధతిగా ఆగలేదనే, కారణం అందులో ఉండదు. కరెంటు, ఎస్ఎంపీఎస్, వేడి, ఈ మూడింట్లో వెతకాలి.

మధ్యాహ్నం పూట అరగంటకే ఆగిపోతుంది, తెల్లవారుజామున బాగా నడుస్తుంది.

వేడి. మే నెలలో గదే 40 డిగ్రీలుంటే ప్రాసెసర్‌కు ఊపిరాడదు. చీమకుర్తి వైపు ఇళ్లలో గ్రానైటు కోత పొడి ఇంకో శత్రువు. మెత్తటి ఆ బూడిద, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల నడుమ ఊలు గుడ్డలా పేరుకుంటుంది, ఫ్యాను తిరుగుతున్నా గాలి పోదు. మూడు నెలలకొకసారి బ్లోయరుతో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, తిరగనిస్తే బేరింగు పోతుంది. మూడేళ్లు దాటితే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టండి.

ప్రింటర్ నిన్నటి దాకా పనిచేసింది, ఇవాళ ఆఫ్‌లైన్ అంటది.

కరెంటు పోయి వచ్చాక రౌటర్ దానికి కొత్త అడ్రసు ఇచ్చి ఉంటుంది, కంప్యూటర్ పాత అడ్రసులోనే పిలుస్తోంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట ప్రింటర్ మ్యాక్ నంబరుకు (పరికరం సొంత గుర్తింపు నంబరుకు) ఒక అడ్రసు శాశ్వతంగా కేటాయించండి.

ఇంకో కంప్యూటర్‌లోని ఫోల్డరు తెరుచుకోదు, 0ఎక్స్80070035 అంటది.

రెండింట్లోనూ నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ ఆన్ చేయండి. పాస్‌వర్డు లేని ఖాతాతో ఇప్పటి విండోస్ 11 ఒప్పుకోకపోవచ్చు, షేర్ చేసే కంప్యూటర్‌లో పాస్‌వర్డున్న ఖాతా ఒకటి పెట్టండి. ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ1ను ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. 2017లో వానాక్రై వైరస్ వ్యాపించింది ఆ సందులోంచే.

తుపాను హెచ్చరిక వచ్చింది. ఏం చేసి పెట్టుకోవాల?

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023లో మిచౌంగ్ తుపాను తీరం దాటింది డిసెంబరు 5న. ముందురోజే మినీ యూపీఎస్, ఫోన్లు నింపి పెట్టుకోండి. ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవులోకి తీసి ప్లాస్టిక్ కవరులో కట్టండి. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గులూ లాన్ కేబుళ్లూ పీకేయండి. పెట్టె, కంప్యూటర్ నేల మీద ఉంటే బల్ల మీదికి ఎక్కించండి. ఇంట్లోకి వచ్చే తీగ కిటికీ దగ్గర కిందికి ఒక వంపు తిరిగి లోపలికి రావాలి, అప్పుడు నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. తడిసిన పరికరాన్ని పూర్తిగా ఆరేదాకా ఆన్ చేయొద్దు. తెగి వేలాడే తీగ ఫైబరే అనుకుని ముట్టుకోవద్దు, అదే స్తంభం మీద కరెంటు తీగా ఉంది.

ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఏం చెప్పాల?

‘నెట్ రావడం లేదు’ అంటే వాళ్లు ‘ఆపి వేయండి’ అంటారు, అక్కడితో ఫోన్ అయిపోతుంది. ఇలా చెప్పండి: ‘అన్నా, పొద్దున తొమ్మిదింపావు నుంచి ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది, అడాప్టర్ బాగుంది, కనెక్టర్ తీసి పెట్టాను, పక్కింట్లోనూ లేదు.’ లేదా: ‘ఆర్ఎక్స్ పవర్ పోయిన నెల మైనస్ 20, ఇవాళ మైనస్ 28.’ పక్కింట్లోనూ లేకపోతే వీధి చివర స్ప్లిటర్ (ఒక ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచేది) దగ్గరో ఇంకా ముందో లోపం ఉందని, మీకొక్కరికే లేకపోతే మీ ఇంటి తీగదేనని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, దానికి తగ్గ సామాను వెంట తెచ్చుకుంటారు. కస్టమర్ నంబరు, పెట్టె సీరియల్ నంబరు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. వచ్చినవాళ్లు పని ముగించి నిచ్చెన దించేముందే ఆర్ఎక్స్ పవర్ ఎంతకొచ్చిందో మీ ఎదుటే చూపించమనండి.